గడువు ఒకవైపే: వికారాబాద్, తాండూరుల్లో స్కాలర్‌షిప్ చదువులు

రోజుకు మూడు వందల కూలి. భార్యాభర్తలిద్దరూ నెలకు 25 రోజులు పనికి పోతే ఇంటికి వచ్చేది 15,000 రూపాయలు. ఏడాది మొత్తానికి 1.80 లక్షలు. తాండూరు చుట్టూ ఉన్న నాపరాయి గనుల్లోనో, పాలిషింగ్ యూనిట్లలోనో, కంది చేలల్లోనో పనిచేసుకుని ఈ లెక్కతో బతికే కుటుంబాన్ని ఎవరూ కలిగినవాళ్లు అనరు. కానీ ఆ ఇల్లు పల్లెలో ఉండి, చదివే పిల్ల బీసీ అయితే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆ ఆదాయమే ఎక్కువైపోతుంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఆదాయ పరిమితి పల్లెల్లో 1.50 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. అదే కుటుంబం తాండూరు మున్సిపాలిటీ హద్దు లోపల అద్దెకుంటే అర్హత ఉంటుంది. హద్దు అవతల సొంత ఊళ్లో ఉంటే ఉండదు.

ఇదే పిల్ల కేంద్ర సంస్థల్లో రిజర్వేషన్ సీటుకు దరఖాస్తు చేస్తే లెక్క మారిపోతుంది. కేంద్రం 2017లో ఓబీసీ క్రీమీలేయర్ పరిమితిని 8 లక్షలకు పెంచింది. అంటే సీటు విషయంలో ఏడాదికి ఏడు లక్షలు వచ్చే ఇల్లు కూడా వెనుకబడినదే. ఫీజు విషయంలో మాత్రం లక్షా ఎనభై వేలు వచ్చే ఇల్లు తన ఖర్చు తాను పెట్టుకోగలిగినట్టే.

వికారాబాద్ జిల్లాలో డిగ్రీ, ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదివే పిల్లల్లో చాలామందికి ప్రభుత్వ సాయం లేకపోతే చదువే లేదు. ఆ సాయం కోసం దరఖాస్తు చేయడం ఎలా, వచ్చింది నిలబెట్టుకోవడం ఎలా అని ప్రతి జూన్‌లో కాలేజీల్లో మాటలు నడుస్తాయి. దరఖాస్తు నింపడంలో చేసిన తప్పుల వల్ల సాయం పోయిందనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. అందులో నిజం ఉంది. అయితే ఈ పథకాన్ని పుట్టుక నుంచి ఇప్పటిదాకా వరుసగా చూస్తే మరో సంగతి తేలుతుంది. విద్యార్థి చేయాల్సిన ప్రతి పనికీ ఒక తేదీ ఉంది. ప్రభుత్వం చేయాల్సిన చెల్లింపుకు మాత్రం తేదీ లేదు. ఆ ఆలస్యం తాలూకు బరువంతా చివరికి పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లల మీద పడుతోంది.

పేదపిల్లల పైచదువు సమాజం బాధ్యత అన్న ఆలోచన హైదరాబాద్ రాజ్యంలో హాస్టళ్లతో మొదలైంది. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. జిల్లాల నుంచి నగరానికి చదువుకోసం వచ్చే తెలుగు పిల్లలకు తలదాచుకునే చోటు దొరికింది. కానీ హాస్టల్ నడపగల స్తోమత అన్ని కులాలకూ లేదు. దళితుల చదువు కోసం పోరాడిన బి.ఎస్. వెంకట్రావు 1940ల చివర నిజాం ప్రభుత్వంలో మంత్రి అయ్యాక, అణగారిన కులాల విద్యకు కోటి రూపాయల నిధి కేటాయింపజేశారు. బ్రిటిష్ ఇండియాలో అంతకుముందే డాక్టర్ అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఉండి ఈ ప్రశ్న లేవనెత్తారు. దాని ఫలితంగానే 1944లో షెడ్యూల్డ్ కులాలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇవాళ తాండూరు డిగ్రీ కాలేజీలో ఒక విద్యార్థిని నింపే ఫారానికి అసలు మూలం అదే. ఎనభై ఏళ్లు దాటింది.

ఇక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మలుపు వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో వచ్చింది. నెల ఖర్చులకు ఎంతో కొంత స్కాలర్‌షిప్ ఇవ్వడం దగ్గర ఆగకుండా, కాలేజీ ఫీజు మొత్తాన్ని ప్రభుత్వమే కట్టే పద్ధతిని 2008 ప్రాంతంలో బీసీలకు, తర్వాత ఈబీసీలకు, మైనారిటీలకు విస్తరించారు. దీని వెనక ఏళ్ల తరబడి సాగిన విద్యార్థి ఉద్యమాలు ఉన్నాయి. వాటిలో ముందు నిలిచిన బీసీ సంఘం నాయకుడు ఆర్. కృష్ణయ్యది ఈ జిల్లానే, మోమిన్‌పేట మండలం. హాస్టళ్లు, మెస్ చార్జీలు, ఫీజులు అంటూ ఆయన చేసిన ధర్నాలు రెండు తరాల విద్యార్థులకు గుర్తే.

ఆ నిర్ణయంతో రాష్ట్రంలో చదువుల తీరే మారిపోయింది. కూలీల ఇళ్లలో, తండాల్లో మొదటి ఇంజనీర్లు తయారయ్యారు. అదే ఊపులో వందల కొద్దీ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టుకొచ్చాయి. కొన్ని మంచివి, చాలా అంతంతమాత్రం. ఖర్చు పెరిగేసరికి ప్రభుత్వాలు వెనక్కి తగ్గాయి. ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో ఇంజనీరింగ్ రీయింబర్స్‌మెంట్‌కు 35,000 రూపాయల హద్దు పెట్టారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ, ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు వచ్చినవాళ్లకూ మాత్రం పూర్తి ఫీజు. తెలంగాణ వచ్చాక కూడా అదే పద్ధతి కొనసాగింది. ఇవాళ హైదరాబాద్‌లో పేరున్న కొన్ని ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏడాది ఫీజు లక్షన్నర దాటింది. పన్నెండు వేల ర్యాంకు తెచ్చుకున్న బీసీ విద్యార్థి అలాంటి కాలేజీలో చేరితే ఏడాదికి 1.15 లక్షలకు పైగా ఇంట్లోంచే తేవాలి. పదివేల లోపు ర్యాంకరుకు ఒక్క రూపాయీ అక్కర్లేదు. 35,000 అంకె నిర్ణయించిన నాటికీ నేటికీ ఫీజులు ఎక్కడికో పోయాయి, అంకె మాత్రం అక్కడే ఉంది.

2014 జులైలో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ‘ఫాస్ట్’ పేరుతో మరో పథకం ప్రకటించింది. 1956 నవంబరు 1కి ముందు నుంచీ తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే సాయం అన్నది అందులో షరతు. ఈ షరతుకు తాండూరులో ప్రత్యేకమైన అర్థం ఉంది. 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో జిల్లా మిగతా భాగమంతా మైసూరు రాష్ట్రానికి పోగా, ఈ రెండు తాలూకాలే ఇటు మిగిలాయి. కర్ణాటకలోని సేడం, చించోళి వైపు ఇచ్చిపుచ్చుకోవడాలు ఇప్పటికీ మామూలే. తాతలనాటి నివాసాన్ని కాగితాల మీద చూపించమంటే ఇక్కడి పేద కుటుంబాలు ఏం చూపించగలవు? ఆ షరతును హైకోర్టులో సవాలు చేశారు, కోర్టు ప్రశ్నించింది, 2015 మొదట్లో ప్రభుత్వం పథకాన్ని వెనక్కి తీసుకుంది. ఈలోగా ఒక విద్యా సంవత్సరంలో ఎక్కువ భాగం ఏ రూలు వర్తిస్తుందో తెలియకుండానే గడిచిపోయింది.

ఇప్పుడు అమల్లో ఉన్న సాయం రెండు ముక్కలు. ఒకటి ఆర్టీఎఫ్, అంటే ట్యూషన్ ఫీజు. అది కాలేజీ ఖాతాకు పోతుంది. రెండోది ఎంటీఎఫ్, అంటే విద్యార్థి నిర్వహణ ఖర్చు. అది విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. పిల్లలు రెంటినీ కలిపి ‘స్కాలర్‌షిప్’ అనే అంటారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగ విద్యార్థులతో పాటు ఈబీసీలకూ వర్తిస్తుంది. ఈబీసీలకు ఇంటర్‌లో లేదు. వయసు హద్దు ఈబీసీలకు 25 ఏళ్లు, మిగతా వాళ్లలో ఎక్కువమందికి 34.

సాయం రావడం, రాకపోవడం చాలాసార్లు దరఖాస్తు కంటే ముందే, సీటు దగ్గరే తేలిపోతుంది. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాకు లేదు, స్పాట్ అడ్మిషన్‌కు లేదు, పార్ట్ టైమ్ కోర్సులకు లేదు. డిగ్రీ సీట్లలో ఎక్కువ భాగం 2016 నుంచి ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా భర్తీ అవుతున్నాయి. దోస్త్ విడతల్లో అజాగ్రత్తగా ఉండి, చివర్లో స్పాట్‌లో చేరిన విద్యార్థి అదే తరగతిలో, అదే బెంచీ మీద కూర్చుంటాడు. పక్కవాడికి ఫీజు ప్రభుత్వం కడుతుంది, తనకు కట్టదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కుతున్న పిల్లలకు ఈ తేడా సీటు తీసుకున్నాక తెలుస్తుంది. అడ్మిషన్ రోజున కౌంటర్ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు ఎంత అని కాదు, ఈ సీటుకు ఈపాస్ వర్తిస్తుందా అని.

ఈపాస్ అనేది సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ తయారుచేసిన వెబ్‌సైట్. అది రాకముందు కాగితాల కట్టలు కాలేజీ నుంచి సంక్షేమ శాఖకు, అక్కడి నుంచి ట్రెజరీకి తిరిగేవి. ఆన్‌లైన్ అయ్యాక దరఖాస్తు ఏ దశలో ఉందో విద్యార్థే చూసుకోగలుగుతున్నాడు. ఇది చిన్న మేలు కాదు. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్, కులం, ఆదాయం, బ్యాంకు ఖాతా ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోనిచోటే దరఖాస్తు ఆగుతుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే. తండాల నుంచి వచ్చే పిల్లల పేర్లయితే బడిలో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో మరోలా రాసి ఉంటాయి. దిద్దుబాటుకు ఆధార్ కేంద్రానికి వెళ్లాలి, అక్కడ టోకెన్ దొరకాలి, సవరణ అయ్యేదాకా ఆగాలి. దిద్దించుకోవాల్సింది కాలేజీలో చేరాక కాదు, ఇంటర్ రెండో ఏడాదిలోనే.

కుల సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే చాలాకాలం నడుస్తుంది. ఆదాయ సర్టిఫికెట్‌ది అలా కాదు. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి. గనిలో పనిచేసేవాడికి జీతం స్లిప్పు ఉండదు. వర్షాలప్పుడు గని పని ఆగుతుంది, ఎండాకాలం కూలి పెరుగుతుంది. పుణె, ముంబై వలసపోయిన తల్లిదండ్రుల ఆదాయాన్ని ఇక్కడి ఆఫీసు ఎలా లెక్కించాలి? ఆచరణలో ఆ కాగితం మీద ఒక అంచనా అంకె పడుతుంది. ఆ అంకె ఒక మెట్టు పైన పడితే మూడేళ్ల ఫీజు కుటుంబం నెత్తిన పడుతుంది.

బ్యాంకు ఖాతా దగ్గర మరో మెలిక ఉంది. బ్యాంకులో ఆధార్ ఇచ్చామని పిల్లలు అనుకుంటారు. కానీ ఆధార్ ద్వారా జరిగే చెల్లింపు విద్యార్థి రాసిచ్చిన ఖాతాకే వెళ్లాలని లేదు, ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) దగ్గర చివరగా అనుసంధానమైన ఖాతాకు వెళ్తుంది. ఎప్పుడో ఫోన్లో తెరిచి మరిచిపోయిన పేమెంట్ బ్యాంకు ఖాతాలో ఎంటీఎఫ్ పడి, ‘పడలేదు’ అని ఏడాదంతా తిరిగే విద్యార్థులుంటారు. బ్యాంకుకు వెళ్లి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఏ ఖాతాకుందో అడిగితే అయిదు నిమిషాల్లో తేలే సంగతి ఇది.

2016 అక్టోబరు 11న వికారాబాద్ కొత్త జిల్లా కావడం ఈ విషయంలో ఇక్కడి పిల్లలకు నిజంగా కలిసొచ్చింది. అప్పటిదాకా రంగారెడ్డి జిల్లా ఆఫీసులు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉండేవి. బషీరాబాద్ మండలపు విద్యార్థి సంక్షేమ శాఖలో ఒక సందేహం అడగాలంటే ఒక రోజు చదువు, ఒక రోజు ఖర్చు. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమ అధికారులు జిల్లా కేంద్రంలోనే ఉన్నారు. 2022 ఆగస్టులో సమీకృత కలెక్టరేట్ ప్రారంభమయ్యాక శాఖలన్నీ ఒకే ఆవరణలోకి వచ్చాయి.

దరఖాస్తు మంజూరైతే సగం పనే అయినట్టు. సాయం ఏటా రెన్యువల్ కావాలి. కాలేజీ పై తరగతికి ప్రమోషన్ వివరాలు నమోదు చేయాలి, విద్యార్థి గడువులోగా రెన్యువల్ పెట్టాలి, బయోమెట్రిక్ పూర్తిచేయాలి. డిటెయిన్ అయితే ఆ ఏడాదికి సాయం ఆగుతుంది. అన్నిటికంటే కఠినమైన షరతు హాజరు. ప్రతి మూడు నెలలకూ 75 శాతం ఉండాలి.

చదువుకు రాకుండా డబ్బు తీసుకోకూడదన్నది సరైన నియమమే. కానీ ఆ 75 శాతం ఎక్కడినుంచి వస్తోందో కూడా చూడాలి. తాండూరులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, వికారాబాద్‌లో అనంత పద్మనాభ కాలేజీ ఉంది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఇంజనీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ, కొత్తరకం డిగ్రీ కోర్సులకు మాత్రం ఇప్పటికీ ఎక్కువమందిది హైదరాబాద్ దారే. పొద్దున్నే తాండూరు, ధారూరు, వికారాబాద్ స్టేషన్లలో ఎక్కి శంకర్‌పల్లి మీదుగా లింగంపల్లి వైపు వెళ్లే రైళ్లలో, చేవెళ్ల మీదుగా వెళ్లే బస్సుల్లో విద్యార్థులు కనిపిస్తారు. రైలు ఆలస్యమైతే మొదటి పీరియడ్ పోతుంది. కంది కోతలప్పుడు ఇంట్లో చేతులు తక్కువైతే వారం పోతుంది. నగరంలో కాలేజీ పక్కనే ఉండేవాడి 75 శాతమూ, మూడు గంటల ముందు ఇల్లు వదిలే పిల్ల 75 శాతమూ ఒకటి కావు.

ఈ దారి ఎంత ప్రమాదకరమో 2025 నవంబరు 3 పొద్దున రాష్ట్రమంతా చూసింది. తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. చనిపోయినవాళ్లలో నగరంలో చదువుకుంటున్న విద్యార్థినులు ఉన్నారు. రోడ్డు విస్తరణ ఎందుకు ఆగిందన్న చర్చ తర్వాత చాలా జరిగింది, జరగాల్సిందే. చదువుకునే పిల్లలు ఆ దారిలో ఎందుకంత మంది ఉన్నారన్న ప్రశ్న కూడా దాని పక్కనే ఉండాలి. దగ్గరలో కోర్సులు, నగరంలో చాలినన్ని హాస్టల్ సీట్లు ఉంటే అంత ప్రయాణం అక్కర్లేదు.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. స్కాలర్‌షిప్ పద్దులో కనిపించదు గానీ, ఈ ప్రాంతంలో అమ్మాయిల చదువుకు ఏ రోజుకారోజు అందుతున్న సాయం ఇదే. దీనికి దరఖాస్తు లేదు, రెన్యువల్ లేదు, బకాయి లేదు.

ఎంటీఎఫ్ సంగతి వేరు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం సాధారణ డిగ్రీ చదువుతూ ఇంటి నుంచి వచ్చే విద్యార్థికి ఏడాదికి 3,000 రూపాయలు, హాస్టల్లో ఉంటే 6,000. వృత్తి విద్యా కోర్సుల పై స్థాయిలో హాస్టల్ విద్యార్థికి 13,500. మూడు వేలంటే నెలకు 250 రూపాయలు. పుస్తకాలు, దారిఖర్చు, మధ్యాహ్నం తిండి అన్నీ అందులో రావాలి. తెలంగాణ ప్రభుత్వం 2024లో సంక్షేమ హాస్టళ్ల మెస్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్, ఆపై విద్యార్థులకు నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. ధరల ముందు ఇది కూడా చాలదని అనవచ్చు గానీ, ఏళ్ల తర్వాత కదిలిన అంకె అది. ఇంటి నుంచి వచ్చే విద్యార్థి అంకె కూడా అలాగే కదలాలి.

ఇంతవరకూ విద్యార్థి పాత్ర. ఇక ప్రభుత్వం పాత్ర.

ఫీజు మంజూరైందని ఈపాస్‌లో కనిపిస్తుంది. సంక్షేమ శాఖ బిల్లు చేస్తుంది, ట్రెజరీలో టోకెన్ పడుతుంది. ఆ తర్వాత డబ్బు ఎప్పుడు విడుదలవుతుందో చెప్పే నియమం ఏదీ లేదు. ప్రభుత్వాలు మారినా ఈ ఒక్కటి మారలేదు. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుని వేల కోట్లకు చేరాయి. అధ్యాపకులకు జీతాలు ఇవ్వలేకపోతున్నామని ప్రైవేటు డిగ్రీ కాలేజీలు 2024 అక్టోబరులో బంద్ చేశాయి. 2025లో ఉన్నత విద్యాసంస్థల సమాఖ్య ‘ఫతీ’ రంగంలోకి దిగి, టోకెన్లు పడి కూడా రాని 1,200 కోట్లను ముందు విడుదల చేయమని అడిగింది. ప్రభుత్వం హామీ ఇచ్చింది, కొంత విడుదల చేసింది, మిగతాది రాలేదని నవంబరు 3 నుంచి కాలేజీలు మళ్లీ మూతపడ్డాయి. చర్చల తర్వాత ఆ వారాంతంలో బంద్ ముగిసింది. పథకాన్ని సంస్కరించే మార్గాలు సూచించడానికి ఒక కమిటీ ఏర్పాటైంది.

ఈ లావాదేవీలో అప్పు ప్రభుత్వానిది, రావాల్సింది కాలేజీకి. మధ్యలో విద్యార్థికి ఏ సంబంధమూ లేదు. అయినా మూడో ఏడాది చివర టీసీ, మెమోలు అడిగేసరికి, ‘మీ రీయింబర్స్‌మెంట్ రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం’ అనే మాట చాలా కాలేజీల్లో వినిపిస్తుంది. కూలి చేసుకునే ఇల్లు మూడేళ్ల ఫీజు ఒక్కసారిగా తేలేదు. వడ్డీకి తెస్తుంది. లేదా సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోతాయి, పీజీ కౌన్సెలింగ్ గడువు దాటిపోతుంది, వచ్చిన ఉద్యోగం చేజారుతుంది. చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లను ఏ కాలేజీ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 నోటిఫికేషన్‌లో స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి తెలిసిన విద్యార్థులు తక్కువ, తెలిసినా కౌంటర్ దగ్గర గట్టిగా అడగగలిగినవాళ్లు ఇంకా తక్కువ.

రెండోవైపు వాదనలూ వినాలి. ఖజానాకు పరిమితులున్నాయని, ప్రభుత్వ డబ్బు కోసమే పుట్టిన కాలేజీలకు గుడ్డిగా చెల్లించలేమని ప్రభుత్వాలు అంటాయి. అది వట్టి సాకు కాదు. విద్యార్థులు లేకుండా హాజరు చూపించిన కాలేజీల గురించి ఆరోపణలు వచ్చి, 2016లో విజిలెన్స్, పోలీసు తనిఖీలకు ఆదేశించారు. యాజమాన్యాలు వాటిని తీవ్రంగా వ్యతిరేకించాయి. యాజమాన్యాల మాటలోనూ న్యాయం ఉంది. నియమాలు పాటించిన కాలేజీకీ, పాటించని కాలేజీకీ ఒకేలా డబ్బు ఆపితే మంచి కాలేజీయే ముందు మూతపడుతుంది. తాండూరు లాంటి చోట రీయింబర్స్‌మెంట్ మీదే నడిచే ఒక మామూలు డిగ్రీ కాలేజీ మూతపడితే, ముందు చదువు ఆపేది ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలే. తనిఖీ చేసి తప్పు తేలినచోట ఆపడం ఒక పద్ధతి. తనిఖీ లేకుండా అందరికీ ఆపడం పొదుపు కాదు, బాకీ.

కాలేజీకి కాకుండా నేరుగా ఇంటికే డబ్బు ఇస్తే ఈ చిక్కు తీరుతుందా? పక్క రాష్ట్రం ఆ ప్రయోగం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన జగనన్న విద్యాదీవెన కింద ఫీజును మూడు నెలలకోసారి తల్లుల ఖాతాల్లో వేశారు. వసతిదీవెన కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 దాకా ఇచ్చారు. ఫీజు తమ చేతుల మీదుగా కట్టడంతో కాలేజీని నిలదీసే హక్కు తల్లులకు వచ్చింది. మరోవైపు ఆ డబ్బు అవసరాలకు ఖర్చయిపోయి కాలేజీకి చేరని సందర్భాలూ వచ్చాయి. అందుకే తర్వాత తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా పెట్టారు. విడతలు అక్కడా ఆలస్యమయ్యాయి. 2024లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ కాలేజీలకే చెల్లించే పద్ధతికి మారింది. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నది రెండో ప్రశ్న, ఎప్పుడు పడుతుందన్నదే మొదటిదని ఆ అనుభవం చెబుతోంది. ఎస్సీ స్కాలర్‌షిప్ విషయంలో కేంద్రం 2020 డిసెంబరులో 60:40 వాటా నిర్ణయించింది. అయిదేళ్లకు 59,048 కోట్ల ఖర్చు ఆమోదించి, కేంద్రం వాటాను నేరుగా విద్యార్థి ఖాతాకే పంపాలని షరతు పెట్టింది.

తమిళనాడు ఇంకో దారి పట్టింది. 2022 సెప్టెంబరు 5న మొదలైన ‘పుదుమై పెణ్’ కింద ప్రభుత్వ బడుల్లో చదివి కాలేజీకి వచ్చిన అమ్మాయికి నెలకు 1,000 రూపాయలు, 2024 నుంచి అబ్బాయిలకూ అదే. మొత్తం చిన్నదే. నెలనెలా వస్తుంది కాబట్టి బస్సుకు, పుస్తకానికి పనికొస్తుంది. ఏడాది చివర వచ్చే మూడు వేలకూ, ప్రతి నెలా వచ్చే వెయ్యికీ మధ్య తేడా అంకెలో కన్నా ఆ క్రమంలోనే ఎక్కువ ఉంది.

ఆలస్యం పేదపిల్లలనే ముందు దెబ్బతీస్తుందనడానికి అమెరికాలో కూడా ఉదాహరణ దొరికింది. అక్కడ ప్రభుత్వ సాయానికి అందరూ నింపే ‘ఫాఫ్సా’ ఫారం ఏటా అక్టోబరులో తెరుచుకుంటుంది. 2024–25 విద్యా సంవత్సరానికి కొత్త ఫారం తయారుకాక డిసెంబరు చివరిదాకా ఆగింది. కాలేజీలు సాయం ఎంతో చెప్పలేక, చేరే నిర్ణయానికి మామూలుగా ఉండే మే 1 గడువును చాలాచోట్ల పొడిగించాయి. అంటే ప్రభుత్వం ఆలస్యం చేసింది కాబట్టి విద్యార్థి గడువును కదిలించారు. మన దగ్గర లేనిది ఆ రెండో సగమే.

ఈపాస్ ఒక్కటే దిక్కు అనుకోవడం వల్ల ఇక్కడి పిల్లలు వదులుకుంటున్న సాయాలూ ఉన్నాయి. ఆదాయ పరిమితి దాటి రీయింబర్స్‌మెంట్ పోయినవాళ్లకు ఇవి మరీ ముఖ్యం. ఇంటర్‌లో బోర్డు మొత్తంలో పై 20 శాతంలో నిలిచిన విద్యార్థికి, ఇంటి ఆదాయం 4.50 లక్షల లోపు ఉంటే, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంది. దేశం మొత్తానికి ఏటా 82,000, అందులో సగం అమ్మాయిలకు. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు. నిలబెట్టుకోవడానికి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. రాష్ట్రం ఇచ్చే ఫీజు సాయంతో కలిపి దీన్ని తీసుకోవడానికి వీల్లేదు. అందుకే రెంటిలో ఏది మేలో ముందే లెక్క వేసుకోవాలి. ఇంజనీరింగ్, డిప్లొమా చదివే అమ్మాయిలకు ఏఐసీటీఈ ‘ప్రగతి’ కింద ఏడాదికి 50,000 ఇస్తుంది, ఆదాయ పరిమితి 8 లక్షలు. ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివి డిగ్రీలో చేరిన అమ్మాయిలకు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏడాదికి 30,000 ఇచ్చే పథకం 2025లో తెలంగాణకూ విస్తరించింది. పరిగి, కొడంగల్ ప్రభుత్వ కాలేజీల నుంచి వచ్చే అమ్మాయిలకు సరిగ్గా సరిపోయే సాయం ఇది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి ఎంపిక చేసిన మంచి సంస్థల్లో చేరేవాళ్లకు తనఖా లేని రుణం ఇప్పిస్తుంది. 8 లక్షల లోపు ఆదాయం ఉంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ప్రతి కాలేజీలో స్కాలర్‌షిప్ చూసే గుమస్తా ఒకరుంటారు. ఈ వివరాలన్నీ కలిపి ఒక్క కాగితం అడ్మిషన్ రోజే చేతికిస్తే చాలామంది ఏడాది నిలబడుతుంది.

ఈ సమీక్షలో తేలేవి మూడు. మొదటిది ఆదాయ పరిమితి. ఊళ్లో ఒకటి, పట్టణంలో ఒకటిగా ఉన్న ఈ అంకెలకు నేటి కూలి రేట్లతో సంబంధం తెగిపోయింది. రిజర్వేషన్‌కు 8 లక్షలు పెట్టిన వ్యవస్థ, ఫీజుకు కనీసం 3 లక్షలైనా పెట్టాలి. పల్లెకూ పట్టణానికీ తేడా తీసేయాలి. రెండోది 35,000 హద్దు. దాన్ని ఫీజుల నియంత్రణ సంఘం ఫీజులు సవరించినప్పుడల్లా సవరించాలి.

మూడోది తేదీ. రెన్యువల్ ఒక్క రోజు ఆలస్యమైతే విద్యార్థి ఏడాది సాయం పోగొట్టుకునే స్థితిలో ఉన్నాడు. టోకెన్ పడ్డ బిల్లును కూడా నిర్ణీత గడువులోగా చెల్లించాలని పథకం నిబంధనల్లోనే రాయాలి. నిధులు లేక ఆ గడువు తప్పితే, ఈపాస్‌లో మంజూరైన విద్యార్థికి ఫీజు బాకీ లేనట్టే లెక్కగట్టి, టీసీ, మెమోలు చదువు ముగిసిన రోజే ఇవ్వాలని ఉత్తర్వు ఉండాలి. కాలేజీకి రావాల్సింది ప్రభుత్వం నుంచి వడ్డీతో సహా వసూలు చేసుకునే వీలు కల్పించాలి. పథకం మొత్తాన్ని మార్చడానికి కమిటీలు, బడ్జెట్లు, ఏళ్లు పట్టవచ్చు. సర్టిఫికెట్లు ఇవ్వాలన్న ఉత్తర్వుకు మాత్రం పైసా ఖర్చు లేదు. వచ్చే పీజీ కౌన్సెలింగ్‌కు వెళ్లే తాండూరు విద్యార్థిని చేతిలో సర్టిఫికెట్లు ఉండాలంటే, ప్రభుత్వం ముందుగా ఇవ్వాల్సింది అదే.